అమ్మకు చదివిన ముగింపు

పుస్తకాలు రాసేవాళ్ళు తప్పులు చేయడం వింతేం కాదు. అచ్చుతప్పులు పడతాయి, పాత్ర పేరు మధ్యలో మారిపోతుంది, మూడో అధ్యాయంలో చచ్చినవాడు ఏడో అధ్యాయంలో తాపీగా కూర్చుని చాయ్ తాగుతాడు. కానీ ప్రణాలి చేసిన తప్పు మాత్రం నాందేడ్ తెలుగువాళ్ళకు తప్ప ఇంకెవరికీ సాధ్యం కాదు. నవలకు ఒక ముగింపు అచ్చువేసి, కన్నతల్లికి ఇంకో ముగింపు చదివి వినిపించింది. ఇంట్లో తెలుగు చదవడం ఎవరికొచ్చు గనుక, ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది!

వాళ్ళ ఇల్లు నాందేడ్‌లోనే తరోడా నాకా దగ్గర. తండ్రి వెంకట్రాములు వజీరాబాద్ బజారులో ఒక బట్టల దుకాణంలో పని చేస్తాడు. తల్లి రుక్మాబాయి ఇల్లు చూసుకుంటుంది. పొద్దున లేచింది మొదలు ముగ్గురూ తెలుగులోనే తిట్టుకుంటారు, తెలుగులోనే నవ్వుకుంటారు. చదువు సంగతికి వస్తే మాత్రం అందరిదీ మరాఠీ బడే. ప్రణాలి కూడా మరాఠీలోనే చదివి, ఇప్పుడు ఒక కోచింగ్ క్లాసు ఆఫీసులో పరీక్ష పేపర్లు టైపు చేస్తోంది. తెలుగు అక్షరాలు ఆమె ఇరవై దాటాక ఫోన్‌లో చూసి నేర్చుకుంది. అదీ సరదాకు కాదు, మామ కోసం.

దిగంబర్ మామ రుక్మాబాయికి ఒక్కగానొక్క తమ్ముడు. ప్రణాలికి ఎనిమిదేళ్ళప్పుడు, అప్పట్లో అందరూ ఉన్న సొంతూరు ఇస్లాపూర్‌లో పొద్దున్నే రొట్టె తిని, నిజామాబాద్‌లో పని వెతుక్కుంటానని బయల్దేరాడు. ముద్ఖేడ్‌లో బండి మారాలి. అక్కడ స్టేషన్లో చాయ్ తాగుతుంటే చూశామని ఊరివాళ్ళు చెప్పారు. అంతే, ఆ తర్వాత మామను చూసినవాళ్ళు లేరు. పోలీసులకు చెప్పడం అయింది. ధర్మాబాద్, బాసర, నిజామాబాద్ గల్లీ గల్లీ తిరగడం అయింది. ముడుపులు కట్టడం అయింది. ఇప్పుడు ప్రణాలికి ఇరవై ఏడు, మామ ఇంకా రాలేదు.

ఆ వైపు ఊళ్ళలో ఒక నమ్మకం ఉంది. పగటిపూట కథ చెప్పినా, విన్నా మేనమామ దారి తప్పుతాడంటారు. మరాఠీవాళ్ళూ అంటారు, తెలుగువాళ్ళూ అంటారు. పనివేళ పిల్లలు కొంగు పట్టుకుని కథ చెప్పమని వేధించకుండా పెద్దవాళ్ళు కనిపెట్టిన ఉపాయం అది, అంతకుమించి ఏమీ లేదు. కానీ నిజంగానే మేనమామ దారి తప్పిన ఇంట్లో ఆ మాటను నవ్వి వదిలేయడం ఎవరి తరం? చిన్నప్పుడు ప్రణాలి ఎన్నోసార్లు దుప్పటి కప్పుకుని ఆలోచించేది, ఏ పగలు ఏ కథ విన్నానా అని. ఎవరితోనూ అనలేదు. పెద్దయ్యాక ఆ భయమే ఆమెకు నవల అయింది.

పగటి కథల వల్ల తప్పిపోయిన మేనమామలందరూ చేరే దేశం ఒకటి ఉందనుకుంది. అక్కడ దారులు చీకటి పడగానే లేచి చోటు మార్చుకుంటాయి. పొలిమేర రాళ్ళకు నోళ్ళున్నాయి గానీ అన్నీ అబద్ధాలే చెబుతాయి. అక్కడి బావి నీళ్ళు తాగినవాడు మొదట తన ఇంటి గుమ్మాన్ని మరిచిపోతాడు, తర్వాత ఊరిని, ఆఖరున తన పేరును. సంగి అనే పిల్ల తన మామను వెతుక్కుంటూ ఆ దేశంలో అడుగుపెడుతుంది. ఇంటి దగ్గర సంగి తల్లి, అంటే ఆ మామకు అక్క, తమ్ముడి కోసం తలుపు తెరిచే ఉంచుతుంది. నవల పేరు 'దారితప్పిన మామల దేశం'.

మొదట మరాఠీలోనే మొదలుపెట్టింది పాపం. ఇరవై పేజీలు రాశాక చదువుకుంటే మామ జిల్లా పరిషత్ ఆఫీసర్‌లా మాట్లాడుతున్నాడు. చించి పడేసింది. మామ తిట్టినా, ముద్దు చేసినా, ఎడ్లను అదిలించినా తెలుగే. తెలుగులో రాయాలంటే అక్షరాలు రావాలి. ఆ అక్షరాలు నేర్చుకుని, నవల పూర్తి చేసేసరికి నాలుగేళ్ళు పట్టింది.

తర్వాత హైదరాబాద్‌లో అచ్చువేసేవాళ్ళకు పంపింది. చాలామంది పలకనే లేదు. ఒక పెద్దమనిషి మాత్రం దయతలచి జవాబు రాశాడు, కల్పన బాగుంది గానీ భాష బాగుచేసి పంపమన్నాడు. మాటల్లోని మరాఠీ తీసేయాలట, 'అచ్చిండు'ను 'వచ్చాడు' చేయాలట. ప్రణాలికి ఒళ్ళు మండిపోయింది.

"మా మామ అస్తే 'అచ్చిండు' అంటం. 'వచ్చాడు' అంటే మా అమ్మ ఎవరో కరెంటు బిల్లాయన అనుకుంటది," అని ఫోన్ మంచం మీదకు విసిరింది. సొంతంగా వేసుకుందామని ఆ పూటే అనుకుంది.

సొంతంగా వేసుకోవడమంటే ఏముంది, ఫైలు ఎక్కిస్తే, ఆర్డర్ వచ్చినప్పుడల్లా అచ్చువేసి పంపే సైట్లు ఉన్నాయి కదా అంటారు అందరూ. ఎక్కించి చూస్తే తెలుస్తుంది! కంప్యూటర్లో నిక్షేపంగా కనిపించిన తెలుగు, ఆ సైటులో పడగానే ఒత్తులూడి చెల్లాచెదురైంది. 'అక్క'లో ఒక 'క' ఎటో పోయింది. కోచింగ్ క్లాసు వదిలాక అక్కడి కంప్యూటర్ ముందే కూర్చుని, ఫాంట్లు మార్చి మార్చి, ఒక్కో పేజీ సరిచేసుకుంది. అట్టమీద బొమ్మ తనే గీసింది. వచ్చిన నమూనా కాపీ తెరిచి ముందుగా వాసన చూసింది పిచ్చిపిల్ల.

ఇవన్నీ కాకముందు, నవల చివరికి వచ్చే రోజుల్లోనే, రాసింది రాసినట్టు అమ్మకు చదివి వినిపించడం మొదలుపెట్టింది. రుక్మాబాయి పగలు విననంది.

"దీపం పెట్టినంక సదువు. ఉన్న ఒక్క తమ్ముడు ఇప్పటికే తప్పిండు, ఇంకేం తప్పాలే," అంది.

కాబట్టి రోజూ దీపం పెట్టాక, రొట్టెలు కాలుస్తూ వినేది. వింటూ ఊరుకునే మనిషా? సంగి తన మామ కోసం మెంతికూర, జొన్నరొట్టె మూట కట్టుకుపోయింది అని ప్రణాలి చదివితే, పెనం మీది రొట్టె మాడుతున్నా లెక్కచేయక అడ్డుపడింది.

"మెంతికూర వాడు ముట్టడు బిడ్డా. పుండికూర పెట్టు. ఎల్లిపాయ కారం గూడ పెట్టు."

"అమ్మా, గాయన కథల మామ. మన మామ గాదు."

"కథల మామకైతే మెంతికూర సయిస్తదా? పెట్టు నేను జెప్పినట్టు."

ప్రణాలి మెంతికూర కొట్టేసి పుండికూర, అదే గోంగూర, రాసింది. మామ ఎడమచేతి వాటం అంటే అదీ రాసింది. బావి నీళ్ళు తాగబోయేటప్పుడు మామ జేబు తడుముకుంటాడని, భయమేస్తే వాడికి ఆ అలవాటుందని రుక్మాబాయి చెబితే అదీ చేర్చింది. అలా చేర్చుకుంటూ పోతుంటే నవల బాగుపడుతోంది, అది ప్రణాలికి తెలుస్తూనే ఉంది. కానీ ఇంకోటి కూడా జరుగుతోంది. పొద్దున్నే గిన్నెలు తోముతూ అమ్మ అడిగేది, "వాడు నిన్న బండ కింద పండుకున్నడు గద, ఇయ్యాల ఏడికి పోతడు?" అని. పక్కింటి జనాబాయితో, "మా తమ్ముని సంగతి మా పోరి రాస్తుంది, వాడు ఆడ మంచిగనే ఉన్నడట," అంటుంటే ప్రణాలి కిటికీలోంచి విని ఉలిక్కిపడింది. అమ్మ ముఖం కళకళలాడుతోంది. అన్నేళ్ళలో అంత తిండి తిన్నది లేదు, అంత మాట్లాడింది లేదు. కూతురికి సంతోషమూ వేసింది, గుండెల్లో రాయీ పడింది.

ఎందుకంటే ఆఖరి అధ్యాయం అప్పటికే రాసి పెట్టుకుంది. అందులో మామ రాడు. సంగి ఆయనను పొలిమేర దాకా తీసుకొస్తుంది, ఆయనకు అన్నీ గుర్తొస్తాయి, ఇంటి గుమ్మం కూడా గుర్తొస్తుంది. అయినా పొలిమేర దాటడు. కొత్తగా తప్పిపోయి వచ్చేవాళ్ళకు దారి చూపే పని అక్కడ తనదే అయిపోయిందంటాడు, నువ్వు పో బిడ్డా అంటాడు. సంగి ఒక్కతే ఇల్లు చేరుతుంది. ఆ రోజు సంగి తల్లి తలుపు గడియ పెట్టుకుంటుంది. అదే ఆఖరి వాక్యం. అది రాసిన నాడు ప్రణాలి వెక్కివెక్కి ఏడ్చింది. మామ రాడని తనకు ఎప్పుడో తెలుసునని, దాన్ని ఇన్నాళ్ళూ నోటితో అనలేకపోయానని ఆ వాక్యం రాశాకే ఆమెకు అర్థమైంది. మార్చుదామని ఎన్నోసార్లు చూసింది. మామను ఇంటికి తెస్తే నవల మొత్తం బొంకులా కనిపించింది.

ఆఖరి అధ్యాయం చదవాల్సిన సాయంత్రం రుక్మాబాయి పోలెలు, అంటే బొబ్బట్లు, చేసింది. పండగ లేదు, పబ్బం లేదు.

"ఇయ్యాల తోలుకస్తది గద సంగి వాన్ని?" అంది, నెయ్యి గిన్నె ముందుకు జరిపి. "సదువు సదువు. బాపును గూడ పిలువు."

వెంకట్రాములు వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ప్రణాలి కాగితాలు పట్టుకుంది. పొలిమేర దాకా ఉన్నది ఉన్నట్టే చదివింది. మామ నిలబడిపోయే చోటికి వచ్చేసరికి అమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి, తన ముఖంలోకే చూస్తోంది. ఆ ముఖం చూస్తూ చదవడం ఏ కూతురి వల్ల అవుతుంది? ప్రణాలి కళ్ళు కాగితం మీదే ఉన్నాయి, నోరు మాత్రం వేరే కథ అందుకుంది. మామ పొలిమేర దాటాడు. సంగి చెయ్యి పట్టుకుని నడిచాడు. చీకటి పడే వేళకు ఇంటి ముందు నిలబడి 'అక్కా' అన్నాడు. తలుపు తెరిచే ఉంది.

రుక్మాబాయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత పెద్ద పోలె తీసి కూతురి నోట్లో పెట్టింది. 

"బిరాన అచ్చేయించు బిడ్డా," అంది రుక్మాబాయి. "ఎన్ని ఊర్లకు పోతే గన్ని ఊర్లకు పోనీ."

తల్లి ఆ మాట ఎందుకందో ప్రణాలి అప్పుడు ఆలోచించలేదు. అమ్మ మనసు నొచ్చుకోలేదు, అదే పదివేలనుకుంది. రాసిన ముగింపుతోనే ఫైలు ఎక్కించింది. ఏమవుతుంది? నాందేడ్‌లో తెలుగు మాట్లాడేవాళ్ళు వీధికి పదిమంది, చదివేవాళ్ళు భూతద్దం పెట్టి వెతికినా దొరకరు.

దొరకరనుకుంటే బాబురావ్ ఒకాయన్ను వెతికి పట్టుకొచ్చాడు. బాబురావ్ అక్కడి తెలుగు సమాజానికి అధ్యక్షుడు. పుస్తకం తలకిందులుగా పట్టుకుని ఫోటో దిగగల మనిషి గానీ, ఉత్సాహానికి లోటు లేదు. మన పిల్ల తెలుగులో పుస్తకం రాస్తే సభ పెట్టకపోవడమేంటని హాలు మాట్లాడాడు, శాలువా తెచ్చాడు, ధర్మాబాద్ నుంచి రాధాకిషన్ సారును పిలిపించాడు. సారు తెలుగు పంతులుగా పనిచేసి రిటైరైనవాడు. పుస్తకం ముందే తెప్పించుకుని మొదటి అక్షరం నుంచి ఆఖరి అక్షరం దాకా చదివి వచ్చాడు. సారు చదివే వచ్చాడని ప్రణాలికి సభ మొదలయ్యే ముందు తెలిసింది. 

ఆదివారం పొద్దున పదకొండు గంటలు. ఇది సభే గానీ కథ కాదులే అని రుక్మాబాయి పట్టుచీర కట్టుకుని మొదటి వరుసలో కూర్చుంది. కొన్ని పుస్తకాలు కట్ట విప్పి బల్ల మీద పేర్చారు. ప్రణాలి సారు దగ్గరికి పోయి, గొంతు తగ్గించి, "సార్, కథ ఆఖరుకు ఏమైతదో చెప్పకండి సార్, చదివేటోళ్ళకు మజా ఉండది," అంది.

"అరె, గదే గదమ్మా నీ పుస్తకం ప్రాణం! గది చెప్పకుంటే నేనేం మాట్లాడాలే?" అన్నాడు సారు, మహా ఆనందంగా.

మాట్లాడాడు కూడా, అరగంట. సరిహద్దు తెలుగు ఎంత తియ్యగా ఉంటుందో చెప్పాడు, అబద్ధాలాడే పొలిమేర రాళ్ళ గురించి చెప్పి జనాన్ని నవ్వించాడు. ప్రణాలి వేదిక మీద శాలువా కప్పుకుని, వేళ్ళు నలుపుకుంటూ కూర్చుంది. సారు ఆఖరికి పుస్తకం తెరిచాడు.

"వేరే ఎవరన్న రాస్తే మామను ఇంటికి తోలుకస్తుండె. ఈ బిడ్డ తోలుకరాలే. మామ రాడు. రాడని ఒప్పుకునే ధైర్యం సూడున్రి. ఇనున్రి ఆఖరు మాట," అని, కళ్ళజోడు సర్దుకుని చదివాడు. "'సంగి ఒక్కతే అచ్చింది. అమ్మ ఆమె ఎనక ఇంకెవరన్న ఉన్నరేమోనని గల్లీ కొసదాక సూసింది. తర్వాత లోపలికచ్చి, ఇన్నేండ్లకు మొదటిసారి, తలుపు గడియ పెట్టుకున్నది.'"

హాల్లో ఎవరో ముక్కు చీదారు. చప్పట్లు మోగాయి. రుక్మాబాయి చప్పట్లు కొట్టలేదు. ఆమె సారు వైపు చూడటం లేదు, కూతురి వైపు చూస్తోంది. ప్రణాలి తల దించుకుంది. మళ్ళీ తలెత్తేసరికి మొదటి వరుసలో ఆ కుర్చీ ఖాళీగా ఉంది.

ఆటో ఎక్కి హడావుడిగా ఇంటికి వస్తే, రుక్మాబాయి పట్టుచీరతోనే వంటింటి గడపమీద కూర్చుని ఉంది.

"అమ్మా, గది కథ. ఉత్త కథ," అంది ప్రణాలి.

"కథైతే నాకు వేరే తీరుగ ఎందుకు సదివినవ్?"



"నువ్వు బాధపడ్తవని..."

"అంటే నేను బాధపడ్తనని నీకు ఎర్కే. ఎర్కుండి అచ్చేసినవ్." రుక్మాబాయి గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది ప్రణాలికి. "నేను గడియ పెట్టిన్నా? ఎప్పుడు పెట్టిన? ఏనాడన్న వాడు రాడని నా నోట ఇన్నవా?"

"గది నువ్వు గాదమ్మా, సంగి తల్లి."

"నా తమ్ముడు తినే పుండికూర పెట్టినవ్. వాని ఎడమచెయ్యి పెట్టినవ్. వాడు జేబు తడుముకునేది పెట్టినవ్. ఇంగ నేను గాకుంటే ఎవరు?" రుక్మాబాయి ముఖం తుడుచుకుంది. "మన కుటుంబంల నువ్వు గాక తెలుగు సదువచ్చినోడు వాడొక్కడే. భైంసల మేనత్త కాడ ఉండి తెలుగు బడిల సదివిండు. నాకు ఎర్కలేదా, నీకు ఎర్కలేదా? నువ్వు తెలుగుల రాస్తున్ననంటే నేను గందుకే సంబరపడ్డ. ఏ ఊర్లనో, ఏ దుకాన్లనో, వాని చేతుల పడకపోతదా, మా అక్క ఇంగా ఎదురుసూస్తుందని సదువుకోకపోతడా అనుకున్న. ఇప్పుడు వాడు సదివితే ఏమనుకుంటడు? అక్క గడియ పెట్టుకున్నదనుకుంటడు. అచ్చేటోడు గూడ రాడు."

ఎన్ని ఊర్లకు పోతే గన్ని ఊర్లకు పోనీ అన్న మాట అప్పుడు అర్థమైంది ప్రణాలికి. మామకు తెలుగు చదవడం వచ్చునని ఆమెకు తెలియక కాదు. ఆ చదివే మనిషి ఇంకా ఎక్కడో ఉన్నాడని అనుకోవడం మానేసింది, అంతే. అది చెప్పకుండా దాటేయవచ్చు. కానీ అప్పటికే ఒక అబద్ధం ఆడి ఉంది.

"నాకు మామ అస్తడని లేదమ్మా," అంది ఏడుస్తూ. "నాకు ఎన్నడో పోయింది ఆ ఆశ. గందుకే గట్ల రాసిన."

రుక్మాబాయి లేచి, చీర మార్చుకుని, పొయ్యి వెలిగించింది. ఆ పూట నుంచి కూతురితో మాట్లాడటం మానేసింది.

కంచం పెట్టేది, మాట పెట్టేది కాదు. దీపం పెట్టాక రేడియో వేసుకునేది. వెంకట్రాములు ఇద్దరి మధ్య కూర్చుని అన్నం కెలికేవాడు. "తప్పు ఇద్దర్ల ఎవరిదో నాకు సమజైతలేదు గని, నాకైతే అన్నం సయిస్తలేదు," అన్నాడొకనాడు.  అవతల పుస్తకానికి మంచి పేరే వస్తోంది. నిర్మల్ నుంచి ఎవరో కుర్రాడు ఆ ముగింపు చదివి నిద్ర పట్టలేదని మెసేజ్ పెట్టాడు. కావలసిన రోజుల్లో రాని మెచ్చుకోలు ఇప్పుడొచ్చి ఏం లాభం? 

సొంతంగా వేసుకున్న పుస్తకంలో ఒక సుఖం ఉంది, ఎవరి అనుమతీ అక్కర్లేదు. పాత ఫైలు తీసేసి కొత్తది ఎక్కిస్తే, అక్కడి నుంచి వచ్చే ప్రతి కాపీ కొత్తదే. ప్రణాలి కూర్చుని ముగింపు తిరగరాయబోయింది. ఆ సాయంత్రం అమ్మకు చెప్పిన మాటలే రాద్దామనుకుంది. 'మామ పొలిమేర దాటిండు' అని టైపు చేసింది. ఆ తర్వాత వాక్యం రాలేదు. సంగి బొమ్మలా నిలబడిపోయింది, మామ బొమ్మలా నిలబడిపోయాడు. కొట్టేసింది, మళ్ళీ రాసింది, మళ్ళీ కొట్టేసింది.

రుక్మాబాయి దీపం పెట్టి రేడియో వేసుకోగానే, ప్రణాలి ల్యాప్‌టాప్ పట్టుకుని పోయి ఆమె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"నాకు అస్తలేదు. నువ్వే చెప్పు, నేను రాస్త. మామ ఎట్ల అస్తడో నువ్వే చెప్పు. ఒక్క మాట మార్చ."

రుక్మాబాయి దీపం వత్తి ఎగదోసింది. తర్వాత రేడియో కట్టేసింది.

"రాయి," అంది. "వాడు బండెక్కిండు. ఏడికెల్లి అంటే... ఏడికెల్లో ఎక్కిండు. ముద్ఖేడ్‌ల దిగిండు. చాయ్ తాగిండు."

ప్రణాలి టైపు చేస్తోంది.

"ఆడ మల్ల బండి మారిండు. ఇస్లాపూర్ల దిగిండు. జేబు తడుముకున్నడు. ఊర్లెకు నడిసిండు. కుక్కలు మొరిగినయ్. మా ఇంటి ముందట నిలవడి..." రుక్మాబాయి ఆగింది.

"అక్కా అన్నడు," అని అందించింది ప్రణాలి.

"అనడు. ఆడ అక్క యాడున్నది?"

ప్రణాలి వేళ్ళు ఆగిపోయాయి.

"ఇల్లు అమ్మినం గద. మమ్ముల గన్న అవ్వ పోయినంక అమ్మి, ఈడికి అచ్చినం గద. ఆడ ఇప్పుడు వేరేటోళ్ళున్నరు. పెయింటు మార్చిన్రు, గేటు పెట్టిన్రు." రుక్మాబాయి తనలో తానే మాట్లాడుతున్నట్టు అంది. "వాడు నిలవడి సూస్తడు. లోపట్నుంచి ఎవరో అస్తరు, ఎవరు గావాలె అని అడుగుతరు."

"ఊర్ల ఎవరినన్న అడుగుతడు గదమ్మా. అందరికి ఎర్కే మనం నాందేడ్‌ల ఉన్నమని."

"వాడు అడుగుతడా? దారి తెల్వకున్నా ఒకర్ని అడిగేటోడు గాదు. సిగ్గు వానికి. అట్లనే ఎనకకు మల్లి స్టేషనుకు పోతడు." ఆమె కొంగు వేలికి చుట్టుకుంది. "పోయిండో ఏమో. అచ్చి సూసుకుని పోయిండో ఏమో బిడ్డా. మనకేం ఎర్క?"

ప్రణాలి ల్యాప్‌టాప్ పక్కన పెట్టి అమ్మ చేతులు పట్టుకుంది. అవి చల్లగా ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఆ ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు, కథలు అల్లడం వచ్చిన ప్రణాలికి కూడా.  గల్లీలో ఎవరిదో బండి స్టార్ట్ కాక మొరాయిస్తోంది.

రుక్మాబాయే ముందు తేరుకుంది. చేతులు విడిపించుకుని, కొంగుతో ముక్కు తుడుచుకుని, ల్యాప్‌టాప్‌ను కూతురి ఒళ్ళోకి నెట్టింది.

"గిది పురాగ తీసెయ్యి. నీ కథ నువ్వు రాసిన తీరుగనే ఉండనీ. గా సారు సదివినప్పుడు మంది ఏడ్సిన్రు, నేను సూసిన. నేను జెప్పేది వేరే కాగితం మీద రాయి." గొంతు సవరించుకుంది. "దిగంబర్. మేము ఇస్లాపూర్ల లేము. ఇల్లు అమ్మినం. అవ్వ పోయింది. మేము నాందేడ్‌ల, తరోడా నాకా కాడ ఉంటున్నం. నా ఫోన్ నంబరు రాయి. నేను ఉన్న. రుక్మక్క. రాసినవా?"

"రాసిన. ఆఖరు పేజీల పెడ్త అమ్మా, కథ అయిపోయిన తర్వాత."

"ఆఖరుకు వద్దు," అంది రుక్మాబాయి వెంటనే. "మొదటి పేజీల పెట్టు, పుస్తకం పేరుకన్న ముంగట. వాడు ఏ పుస్తకం ఆఖరుదాకా సదవలే. భైంసల సదివినప్పుడు గూడ గంతే, సగం సదివి పడేస్తుండె. నీ ఆఖరు దాకా రాడు వాడు."

ప్రణాలి ఏడుపు వస్తుంటే నవ్వింది, నవ్వుతూ మొదటి పేజీ తెరిచింది. మామ రాడని పుస్తకమంతా రాసిన మనిషి, అమ్మ చెప్పిన ఆ వాక్యాలు తెచ్చి అన్నిటికన్నా ముందు పెట్టింది. ఒకసారి చదువుకుంటే తృప్తి కాలేదు. తరోడా నాకా అంటే ఆటోవాళ్ళు మెయిన్ రోడ్డు మీదే దింపేసి పోతారు, అక్కడి నుంచి మూడు గల్లీలున్నాయి, మామ ఎవరినీ అడగడు. పిండిగిర్ని పక్క గల్లీ అని చేర్చింది. ఎడమవైపు అని చేర్చింది. ఇంటి గోడ ఏ రంగో కూడా రాసి, ఇంకా ఏమైనా మరిచిపోయానా అని అమ్మను అడిగింది.